దాగిన క్షయ – దాచిన మేము

ఈ సంచికకు ఏదైనా విజ్ఞానవ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం కోరినప్పుడు, జంతుశాస్త్రం బోధించేవారము గాన ఏ తేనెటీగను గూర్చియో, పట్టుపురుగును గూర్చియో వ్రాసి ఇవ్వవచ్చుననుకున్నాము. కాని ఇరువది ఏండ్లకు పైగా మా గొంతులో నిలిచిపోయిన సంగతి ఒకటి ఉన్నది. అమ్మీ ఉన్నంతవరకు దానిని బయటపెట్టకూడదని మా నిర్ణయం. ఆ అమ్మీయే ఈ ఏడు, తనంతట తాను, "ఇప్పుడు రాయి బేటా, పిల్లలు చదువుతారు" అన్నది. అందుచేత వ్రాస్తున్నాము.

మా ప్రయోగశాలలో ఒక గాజుపలక ఉన్నది. పాతికేండ్లుగా దానిని విద్యార్థులకు సూక్ష్మదర్శిని క్రింద చూపుతున్నాము. నీలిరంగు నేపథ్యం మీద సన్నని ఎర్రని పుల్లలవలె, కొంచెం వంగి, అక్కడక్కడ జంటలుగా కనిపించేవి క్షయ క్రిములు. రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు 1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో వీటిని గూర్చి లోకానికి వెల్లడించినాడు. ఆ వెనువెంటనే జీల్, నీల్సన్ అనే ఇరువురు, ఎర్రరంగు పట్టిన తరువాత ఆమ్లంతో కడిగినా ఆ రంగును విడువని వాటి గుణాన్ని ఆధారంగా చేసుకొని, నేటికీ వాడుకలో ఉన్న పరీక్షాపద్ధతిని ఏర్పరచినారు. ఈ రెండు వాక్యాలు మాకు కంఠస్థం. అయితే పలకలో ఎరుపు కనిపించనంత మాత్రాన రోగి శరీరంలో క్రిమి లేదని అర్థం కాదనే మూడవ వాక్యాన్ని మేము చాలాకాలం చెప్పలేదు. మాకే తెలియదు. దానిని మేము గ్రంథంలో నేర్చుకోలేదు.

మా మామూ, అనగా అమ్మీకి స్వయానా తమ్ముడు, మన పట్టణంలోనే దర్జీ. ఆయన పేరు ఇక్కడ వ్రాయము. షేర్వానీ కుట్టడంలో ఆయన చేతికి ఎంత పేరో, మన కళాశాల కార్యవర్గంలోని పెద్దలలో కొందరికి తెలుసును. వారు పెండ్లినాడు ధరించినది ఆయన కుట్టినదే. గుర్తుపట్టినవారు గుర్తుపట్టవచ్చును. 2002లో ఆయన హెర్నియా ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు, ముందుగా చేసే రక్తపరీక్షలలో హెచ్.ఐ.వి. ఉన్నదని తేలింది. ఆపరేషన్ జరుగలేదు. ఆయనకు అది ఎట్లు సంక్రమించిందో మేము అడుగలేదు. ఆ ప్రశ్న ఎవరికి ఏ విధంగా పనికివస్తుందో నేటికీ మాకు బోధపడదు. ముమానీ అప్పటికే కాలం చేసినారు. సంగతి తెలిసినవారము ముగ్గురమే: మామూ, అమ్మీ, మేము. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మా బీరువాలోని ఉర్దూ నిఘంటువు పుటల నడుమ ఉంచినాము.

మరుసటి ఏడు జులైలో ఆయనకు సాయంకాలాలు సన్నని జ్వరం మొదలైంది. దగ్గు లేదనే చెప్పాలి. ఉదయం వేళ ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకునేవారు, అంతే. రాత్రి పడకదుప్పటి తడిసిపోతున్నదని అమ్మీతో అన్నారట. ఉక్కపోత కాలం గనుక ఎవరమూ పట్టించుకోలేదు. కాని ఆయన తన పాంట్ల నడుములను తానే విప్పి మూడుసార్లు తగ్గించి కుట్టుకున్నారు. మూడవసారి మిషన్ ముందు కూర్చొని, "బేటా, ఈ నెల కూడా నా దుకాణానికి గిరాకీని నేనే" అన్నారు. మేము నవ్వినాము.

ఇక్కడ ఒక మాట. సంస్కృతంలో ఈ వ్యాధిని రాజయక్ష్మమన్నారు. రోహిణిని మాత్రమే ఆదరించి తక్కిన భార్యలను ఉపేక్షించినందుకు దక్షుని శాపం పొంది చంద్రుడు క్రమక్రమంగా తరిగిపోయిన కథ మనకు విదితమే. క్షయమనగా తరుగుదల. ఉర్దూలో తపెదిక్ అంటారు. తప్ అంటే జ్వరం, దిక్ అనే మాటలో సన్నబడడమనే అర్థం ఉన్నది. మన ఇండ్లలో పెద్దలు ఆ రెండవ ముక్కనే పట్టుకొని, 'దిఖ్' అని గొంతు తగ్గించి పలుకుతారు. ఈ కళాశాలలో చదివే రెండు భాషలవారి పూర్వులూ వ్యాధికి పేరు పెట్టినప్పుడు దగ్గును చూడలేదు, మనిషి తరిగిపోవడాన్నే చూసినారు. రెండు భాషలూ తెలిసిన మేము మాత్రం దగ్గు కోసం ఎదురుచూసినాము.

ఆగస్టు నడుమ ఆయనను ఛాతీవైద్యానికి తీసుకొనిపోయినాము. అప్పటి పద్ధతి ప్రకారం మూడు డబ్బీలలో తెమడ ఇవ్వాలి. రాని తెమడను బలవంతాన తెచ్చి, ఉమ్మి కలిపి ఇచ్చినారు పాపం. చీటీలో మూడు గడులలోనూ 'నెగటివ్' అని వ్రాసి వచ్చింది. ఎక్స్‌రేలో గుహలవంటివి ఏమీ లేవు. ఊపిరితిత్తి మూలం దగ్గర కొద్దిపాటి నీడ. డాక్టరు గారు చీటీనీ, ఫిలిమునూ చూసి, "ఇంకేమైనా జబ్బులున్నాయా? షుగరు గాని, మరేదైనా గాని?" అని అడిగినారు. మామూ మా ముఖం వైపు చూసినారు. గదిలో మరి నలుగురు రోగులున్నారు. వారిలో ఒకరు మా కళాశాల గుమాస్తాకు బావమరిది.

"లేవు సార్" అన్నాము.

ఆయన రెండు వారాలకు యాంటీబయాటిక్ మాత్రలు వ్రాసి, తగ్గకపోతే రమ్మన్నారు. హెచ్.ఐ.వి. లేని మనిషికి ఆ రోజులలో అది విధివిహితమైన వైద్యమే. ఆయనను తప్పుపట్టడానికి మాకు నోరు లేదు. ఇంటికి వచ్చి 'నెగటివ్' అని చెప్పగానే అమ్మీ రెండు రకాతుల షుక్రానా నమాజు చేసింది. మేము జిలేబీ తెచ్చినాము.

ఆ చీటీ ఎందుకు అబద్ధం చెప్పిందో, నిజానికి అది అబద్ధం కాదని, మేము దానిని చదివిన తీరే తప్పని, తరువాతి సంవత్సరాలలో గ్రంథాలు తిరగవేసి తెలుసుకున్నాము. విద్యార్థులకు ఇది ముఖ్యం గనుక కొంత వివరిస్తాము.

సూక్ష్మదర్శిని క్రింద పలకలో క్షయ క్రిమి కంటికి దొరకాలంటే ఒక మిల్లీలీటరు తెమడలో దాదాపు 5,000 నుండి 10,000 క్రిములు ఉండాలి. అంతకు తక్కువైతే అనుభవజ్ఞుడు చూసినా పలక నిర్మలంగానే కనిపిస్తుంది. అన్ని వేల క్రిములు తెమడలోకి ఎక్కడినుండి వస్తాయి? ఊపిరితిత్తిలో ఏర్పడే గుహలనుండి. ఆ గుహలను త్రవ్వేది ఎవరు? క్రిమి ఒక్కటే కాదు, మన శరీరమే. క్రిమి చేరినచోట రక్షకకణాలు చుట్టూ గోడ కట్టి దానిని బంధిస్తాయి. ఆ పోరాటంలో నడిమిభాగం చివికి, కరిగి, శ్వాసనాళంలోకి తెరుచుకుంటుంది. అప్పుడు దగ్గు, తెమడ, తెమడలో అసంఖ్యాకంగా క్రిములు. ఈ పోరాటానికి సేనాధిపతులవంటివి సి.డి.4 కణాలు. హెచ్.ఐ.వి. వెదకి వెదకి నాశనం చేసేది వాటినే. ఆరోగ్యవంతునిలో ఒక ఘనమిల్లీమీటరు రక్తంలో 500కు పైగా ఉండే ఆ కణాలు 200కు దిగువకు పడిపోయినప్పుడు గోడ సరిగా లేవదు, గుహ పడదు, తెమడలో క్రిమి పలచబడుతుంది. కాని క్రిమి తగ్గినట్లు కాదు. కట్టడి లేనందున అది రక్తంలో ప్రవహించి మెడగడ్డలకు, కాలేయానికి, ప్లీహానికి, ఎముకల మూలుగకు, మెదడు పొరలకు చేరుతుంది. తెమడలో ఉన్నదానికంటె శరీరంలో ఎక్కువ ఉంటుంది.

ఊరిలో దొంగ పడితే కుక్కలు మొరుగుతాయి. కుక్కల అరుపు వినబడలేదు గనుక దొంగ రాలేదని పడుకునేవాడు, ఊరిలో కుక్కలు ఉన్నాయో లేవో ముందు చూసుకోవాలి. దగ్గు, ఎక్స్‌రేలోని గుహ, పలకలోని ఎరుపు, చేతిపై సూదివేసి 48 నుండి 72 గంటల తరువాత కొలిచే మాంటూ పరీక్షలోని వాపు, ఇవన్నీ చాలావరకు శరీరం చేసే అలజడియే. మాంటూ వాపు సాధారణంగా 10 మిల్లీమీటర్లుంటే క్షయ క్రిమి సోకినట్లు లెక్కిస్తారు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి 5 చాలునని నియమం. అయినా వ్యాధి ముదిరినవారిలో అసలే ఉబ్బకపోవచ్చును. వారి ఎక్స్‌రేలో నీడ పైభాగాన కాక క్రిందిభాగాన ఉండవచ్చు, కేవలం గ్రంథుల వాపుగా ఉండవచ్చు, కొందరిలో ఫిలిం పూర్తిగా నిర్దోషంగానూ ఉంటుంది.

క్షయ క్రిమి నిద్రాణంగా ఉన్న సామాన్యునికి జీవితకాలం మొత్తంలో అది మేల్కొనే అవకాశం 5 నుండి 10 శాతం. చికిత్స లేని హెచ్.ఐ.వి. రోగికి ఏడాదికే సుమారు 10 శాతం. హెచ్.ఐ.వి.తో మరణించిన వయోజనుల శవపరీక్షలన్నిటినీ కూర్చి 2015లో ప్రచురించిన ఒక సమీక్షను మేము చదివినాము. దాదాపు 40 శాతం మందిలో క్షయ కనిపించింది. వారిలో దాదాపు సగం మందికి, బ్రతికి ఉండగా ఆ వ్యాధి ఉన్నదని ఎవరూ గుర్తించలేదు. ఆ రాత్రి మేము ఆ పుటను దాటి ముందుకు పోలేకపోయినాము.

మామూ సంగతికి వస్తాము. మాత్రలతో నాలుగు రోజులు జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్లీ వచ్చింది. 'నెగటివ్' చీటీ మా దగ్గర ఉన్నది గనుక టైఫాయిడ్ అన్నాము, మలేరియా అన్నాము, యునానీ హకీము గారి షర్బతులు త్రాగించినాము. అక్టోబరులో ఒక శుక్రవారం ఉదయం గడ్డం గీస్తున్న మంగలి కత్తి ఆపి, "సాబూ, మెడకాడ ఈ గడ్డలేంది? యాడా చూపించుకోలేదా?" అన్నాడు. వైద్యునికి మేము మూసిపెట్టిన తలుపు మంగలికి తెరుచుకున్నది.

మరొక పట్టణంలోని పెద్ద వైద్యుని దగ్గరకు పోయినాము. ఆయన మెడ తడిమి చూసి, మామూను బల్లమీదనే ఉంచి, తక్కినవారినందరినీ బయటకు పంపి, తలుపు వేసి, "ఏదైనా దాచి ఉంటే ఇప్పుడు చెప్పండి, ఈ గది దాటదు" అన్నారు. నిఘంటువులోని కాగితం ఆనాడు మా జేబులో ఉన్నది. ఏ ఆలోచనతో పెట్టుకొని బయలుదేరినామో మాకే తెలియదు. మడతలు విప్పి ఇచ్చినాము. ఆయన ఒక్క మాటైనా మందలించలేదు. సన్నని సూదితో గడ్డనుండి చీము లాగి పలకమీద పరచి, పరీక్షకు పంపినారు. మేము జంతుశాస్త్ర ఉపన్యాసకులమని విని, రంగు వేయడం పూర్తయిన తరువాత లోపలికి పిలిచి సూక్ష్మదర్శిని చూపినారు.

నీలిరంగు మీద ఎర్రని పుల్లలు. మా ప్రయోగశాల పలకలో వెదకితే గాని కనిపించవు. ఇక్కడ వెదకవలసిన పని లేదు.

ఆ సాయంకాలమే క్షయ మందులు ప్రారంభించినారు. అప్పటికే తలనొప్పి, మెడ బిగుసుకోవడం మొదలైనాయి. క్రిమి మెదడు పొరలను చేరింది. పదకొండవ నాడు, రంజాన్ మొదటి వారంలో, ఆయన కన్నుమూసినారు. 'లేవు సార్' అన్న రోజునుండి సూది వేసిన రోజువరకు పది వారాలు. ఆనాడే చెప్పి ఉంటే బ్రతికేవారా అని మమ్ములను అడుగవచ్చు. చెప్పలేము. మన దేశంలో ప్రభుత్వం హెచ్.ఐ.వి. మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న, తొలుత ఎనిమిది కేంద్రాలలో మొదలైంది; మామూకు ఆ తేదీ అందలేదు. కాని తెలిసి ఉంటే మొదటి డాక్టరు గారు కూడా మెడ తడిమి చూసేవారు. ఆ పది వారాలు మామూవి, మావి కావు. వాటిని మేము ఖర్చుపెట్టినాము.

తరువాత కాలంలో పరీక్షలు మారినాయి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్.ఐ.వి. ఉన్నవారిని ప్రతి సందర్శనలోనూ నాలుగు ప్రశ్నలు అడుగవలసిందని సూచించింది: దగ్గు ఉన్నదా, జ్వరం ఉన్నదా, బరువు తగ్గినారా, రాత్రి చెమట పడుతున్నదా? ఇతరులకు రెండు వారాల దగ్గు ఉంటేనే అనుమానించేవారు. వీరికి ఒక్క రోజు దగ్గైనా చాలును. నాలుగింటిలో ఒక్కటి ఉన్నా పరీక్ష చేయాలి. మామూకు జ్వరం, చెమట, బరువు, మూడు ఉన్నాయి. యంత్రమేదీ అక్కరలేని ఆ ప్రశ్నలకు జవాబులన్నీ మా ఇంట్లోనే, కుట్టుమిషన్ దగ్గర, పడకదుప్పటిమీద ఉన్నాయి.

పలకకు బదులు ఇప్పుడు క్రిమి జన్యువును పట్టుకునే యంత్రాలు వచ్చినాయి. మన ఆసుపత్రులలో సిబినాట్ అని పిలిచే పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 చివర ఆమోదించింది. మిల్లీలీటరుకు 130 క్రిములు ఉన్నా అది పట్టుకోగలదు; రెండు గంటలలో ఫలితం చెప్పడమే కాక, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా తేల్చుతుంది. 2017లో వచ్చిన దాని మెరుగైన రూపానికి 16 క్రిములు చాలును. 5,000 ఎక్కడ, 16 ఎక్కడ! గోవాలో తయారయ్యే ట్రూనాట్ అనే మన దేశపు యంత్రం బ్యాటరీతో నడుస్తుంది గనుక కరెంటు నిలకడలేని ఊళ్లలోనూ పనిచేస్తుంది. 2020లో దానికీ ఆమోదం లభించింది. తెమడ రానివారికి ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. గడ్డనుండి, వెన్నునీటినుండి తీసిన నమూనాలనూ ఈ యంత్రాలలో పరీక్షించవచ్చును.

ఇవిగాక మూత్రపరీక్ష ఒకటి ఉన్నది. క్షయ క్రిమి పైపొరలోని ఒక పదార్థం రక్తంలో కలిసి మూత్రంలోకి వస్తుంది. ఒక కాగితపు పట్టీమీద కొన్ని చుక్కలు వేస్తే అరగంటలోపల గీత పడుతుంది. విచిత్రమేమంటే తక్కిన పరీక్షలు తడబడేచోట, అనగా రక్షణశక్తి బాగా సన్నగిల్లినవారిలోనే, ఇది బాగా పనిచేస్తుంది. దక్షిణాఫ్రికా, టాంజానియా, జాంబియా, జింబాబ్వే దేశాలలోని పది ఆసుపత్రులలో జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో, ఈ పరీక్ష తోడైనవారిలో ఎనిమిది వారాల మరణాలు 25 శాతంనుండి 21 శాతానికి తగ్గినాయి. నాలుగు శాతమే కదా అని విద్యార్థులెవరైనా అనవచ్చు. ఆ నలుగురికి మామూలు, ఖాలాలు ఉండి ఉంటారు. ఏ పరీక్షా పూర్తిగా నమ్మదగినది కాదు. అన్నీ 'లేదు' అన్నా, రోగి పరిస్థితి విషమంగా ఉంటే మంచి వైద్యుడు తన వివేకంతోనే మందులు ప్రారంభిస్తాడు. అందుకు ఆయనకు నిజం చెప్పి ఉండాలి. ఇన్ని సాధనాలు ఉండి కూడా 2023లో హెచ్.ఐ.వి. ఉన్నవారిలో 1,61,000 మంది క్షయతో మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతి వారి సమ్మతి లేక బయటపెట్టరాదని 2017లో మన పార్లమెంటు చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10న అది అమలులోకి వచ్చింది. 2003లో ఆ చట్టం ఉండి ఉంటే మేము నోరు విప్పేవారమా? ఆ నలుగురు రోగులు గదిలో లేకుంటే విప్పేవారమేమో. ఈ రెండింటిలో ఏది నిజమో మేము ఇంకా తేల్చుకోలేదు.

2019లో మాకు చెల్లెలి వరుసయ్యే ఒకామె, మిరపకోతల పనికి గుంటూరు వైపు పోయి, నెలల తరబడి హెచ్.ఐ.వి. మందులు మానుకొని తిరిగివచ్చింది. 41 కిలోల మనిషి 34 అయింది. దగ్గు లేదు. ఆసుపత్రికి మేమే తోడు పోయినాము. వరండాలో బల్ల వేసుకున్న డాక్టరమ్మ, చుట్టూ జనం ఉండగానే, అదే ప్రశ్న వేసింది: "వేరే జబ్బులేమైనా ఉన్నాయా?" మా చెవులలో రక్తం హోరెత్తింది. మేము నోరు తెరవకముందే ఆమె, "ఉంది మేడం. ఏ.ఆర్.టి. మందులు వాడేదాన్ని, మానేసినా. రాసుకోండి" అన్నది. వెనుకనున్నవారెవరో చూసినారు. ఆమె తిరిగి వారినీ చూసింది.

ఏ.ఆర్.టి. కేంద్రంలో నాలుగు ప్రశ్నలు అడిగినారు. ఉప్పునీటి ఆవిరి పట్టించి తెమడ తీసినారు. ఆ తెమడనే పలకమీద చూస్తే 'నెగటివ్'. సిబినాట్‌లో క్షయ ఉన్నదని, అతిస్వల్పమని, రిఫాంపిసిన్‌కు లొంగుతుందని వచ్చింది. మూడవ రోజు క్షయ మందులు, మరి రెండు వారాలకు హెచ్.ఐ.వి. మందులు ప్రారంభమైనాయి.

మొన్నటి నెలలో ఆమె మాత్రల కోసం పోయినప్పుడు మేమూ వెంట ఉన్నాము. నర్సమ్మ పుస్తకం తెరిచి ప్రశ్న మొదలుపెట్టబోతుంటే, "దగ్గు లేదు, జ్వరం లేదు, చెమట లేదు. బరువు మాత్రం నువ్వే చూసుకోమ్మా" అంటూ చెప్పులు విడిచి తూకపు మిషన్ ఎక్కి నిలబడింది. ముల్లు కాసేపు ఊగి 46 దగ్గర ఆగింది.